వర్ణమాల వచ్చు, వాక్యం రాదు

మీ పిల్లవాడికి చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అ నుంచి ఱ దాకా అప్పజెప్పించుకుని మురిసిపోకుండా, పలక మీద 'మ' రాసి ఇదేమిటని అడగండి. ఆ వెంటనే 'డ', తర్వాత 'థ', మళ్లీ 'య'. వరస తప్పించి అడిగేసరికి చాలామంది పిల్లలు ఒక పని చేస్తారు. పెదాలు కదుపుతూ లోలోపల 'ప ఫ బ భ' అని మొదలుపెట్టి, 'మ' దగ్గరికొచ్చాక పైకి 'మ' అంటారు. ఆ పిల్లలకు వచ్చింది పాట. అక్షరం ఇంకా రాలేదు.

తప్పు మనం నేర్పే వరసది. పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టుకుని దిద్దించిన రోజు నుంచి మన ఇళ్లల్లో చదువుకు ఒక క్రమం స్థిరపడిపోయింది. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, ఆ తర్వాత క గుణింతంతో మొదలుపెట్టి ఒక్కో గుణింతం, అవన్నీ అయ్యాక వత్తులు, ఎప్పటికో పదాలు. యాభై ఆరు అక్షరాలు ముగిసేదాకా పిల్లవాడు తనంతట తాను చదివిన మాట ఒక్కటీ ఉండదు. పుస్తకాల్లో దాదాపు ఎదురుపడని 'ఙ', 'ఞ' దిద్దుతాడు, రోజూ తాగే 'పాలు' చదవడానికి మాత్రం నెలల తరబడి ఆగుతాడు. కొందరు ఈ వరసలోనూ చదువు పట్టేస్తారు. ఈ పుస్తకం చేతిలో పట్టుకున్న మనమంతా అలా పట్టేసినవాళ్లమే కాబట్టి అందులో లోపం మనకు కనిపించదు.

పట్టలేకపోయినవాళ్ల లెక్క ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ నివేదికల్లో దొరుకుతుంది. 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఐదో తరగతిలో 44.8 శాతం. ఐదేళ్లుగా బడికి వెళుతున్నా సగం మందికి పైగా రెండో తరగతి కథ చదవలేకపోతున్నారన్నమాట. ఈ లోటు పూడ్చడానికే కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ ప్రారంభించింది, తెలంగాణ 2022లో తొలిమెట్టు పెట్టింది. ప్రభుత్వాలు చేసేది అవి చేస్తాయి. ఇంట్లో మీరు, తరగతి గదిలో మీరు ఏం చేయగలరన్నదే ఈ అధ్యాయం.

వేరే వరస ఎక్కణ్నుంచి వచ్చింది

మాటలు వింటూ వింటూ వచ్చేస్తాయి. చదువు అలా రాదు. చుట్టూ మంచి కథల పుస్తకాలు పరిచి, బొమ్మ చూసి ఊహించమని ప్రోత్సహిస్తే చదవడం దానంతటదే వస్తుందన్న నమ్మకం అమెరికాలో చాలాకాలం రాజ్యమేలింది. దానికన్నా ముందు, అక్షరాలు విడమరచకుండా మాటను మొత్తంగా చూసి గుర్తుపట్టమనే పద్ధతి ఉండేది; దాని మీద 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఒక పుస్తకమే రాసి పెద్ద గొడవ లేపాడు. అంతకు చాలా ముందే, 1930లలో, శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త చదువు ఎక్కని పిల్లల కోసం ఒక దారి వేశారు. ధ్వని వినడం, అక్షరం చూడడం, నోటితో పలకడం, చేత్తో రాయడం నాలుగూ ఒకేసారి జరిగేలా, ఒక్కో అక్షరాన్నీ విడమరిచి నేర్పే దారి అది. 2000లో అక్కడి నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని తిరగేసి ధ్వనుల స్పృహ, అక్షరానికీ ధ్వనికీ ఉన్న ముడి, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థం చేసుకోవడం అనే ఐదింటి మీదా శ్రద్ధ పెట్టి నేర్పాలని తేల్చింది. ఈ తరహా బోధననే ఇప్పుడు స్ట్రక్చర్డ్ లిటరసీ అంటున్నారు.

దీని గురించి మాట్లాడేవాళ్లంతా మిసిసిపీ పేరెత్తుతారు. 2013లో నాలుగో తరగతి పిల్లల చదువులో అమెరికా రాష్ట్రాల్లో 49వ స్థానంలో ఉన్న ఆ పేద రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, టీచర్లకు ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, 2024 నాటికి 9వ స్థానానికి ఎగబాకింది. మూడో తరగతిలో చదవలేనివాళ్లను అదే తరగతిలో ఆపేసే నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది కాబట్టి ఘనతంతా పద్ధతికే కట్టబెట్టడానికి నేను ఒప్పుకోను. అయినా పదేళ్లలో అంత దూరం ఊరికే రాలేరు.

పద్ధతి సారం నాలుగు మాటల్లో చెప్పొచ్చు. ఏదీ పిల్లవాడి ఊహకు వదలకూడదు. తేలికైనది ముందు, కష్టమైనది తర్వాత. నిన్న చెప్పింది ఈరోజు పాఠంలో మళ్లీ రావాలి. వచ్చిందో లేదో చూసుకోకుండా ముందుకు పోకూడదు.

అలాగని ఇంగ్లీషు ఫోనిక్స్ పుస్తకాన్ని తెచ్చి తెలుగులోకి దించితే పని జరగదు. ఇంగ్లీషుకు అక్షరాలు 26, చిక్కంతా స్పెల్లింగుల్లో. మనం దాదాపు పలికినట్టే రాస్తాం, చిక్కంతా సంఖ్యలో. హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి పన్నెండు గుణింతపు రూపాలు లెక్కేసినా 420 అవుతాయి. వాటికి వత్తులు అదనం. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఇన్ని రూపాలు పిల్లల పట్టులోకి రావడానికి నాలుగో తరగతి దాకా పడుతోందని చూపించింది. ఒకటో తరగతితోనే 'తెలుగు అయిపోయింది' అనుకుని ఇంగ్లీషు మీద పడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందు చెవి

మొదటి రెండు వారాలు పలక తీయొద్దు. మాటల్ని ముక్కలు చేసే ఆట ఆడండి. 'పడవ' అంటే మూడు చప్పట్లు, 'అమ్మ' అంటే రెండు. 'పలక'లో చివరి ముక్క మింగేసి చెప్పమనండి, 'పల' వస్తుంది. 'తల'లో మొదటి ముక్క తీసేసి 'క' పెట్టమనండి. మాటలతో అంత్యాక్షరి ఆడండి. దీనికి పుస్తకం, టేబులు అక్కర్లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ, బస్సు కోసం నిలబడి ఆడొచ్చు. తెలుగు పిల్లలకు 'ప', 'డ', 'వ' అనే ముక్కలు తేలిగ్గానే చెవికి అందుతాయి. 'కి' అన్నది 'క్', 'ఇ' కలిసి అయిందన్న గ్రహింపు మాత్రం ఆలస్యంగా, గుణింతం నేర్చుకునే క్రమంలో వస్తుంది. దాని కోసం ఇప్పుడే తొందరపెట్టకండి.

ఈ ఆటల్లో తడబడే పిల్లల్ని కాస్త గుర్తుపెట్టుకోండి. రేపు అక్షరాల దగ్గర ఎక్కువ సాయం కావాల్సింది వాళ్లకే.

మొదటి ఆరు అక్షరాలు

ల, త, ప, క, డ, న. వీటితో మొదలుపెట్టమంటాను. అచ్చుల్లేకుండా చదువు మొదలుపెట్టడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెబుతారు. చెప్పనివ్వండి. మాట మొదట్లో తప్ప తెలుగులో అచ్చు దాని సొంత రూపంలో కనిపించేది చాలా తక్కువ. మాట అవసరాన్ని బట్టి 'అల' దగ్గర అ, 'ఆట' దగ్గర ఆ వచ్చి చేరతాయి.

ఈ ఆరింటితో తల, కల, నలక, పలక, కలప, పడక, నడక, తడక వస్తాయి. కడప కూడా వస్తుంది. కడపలో ఉండే పిల్ల రెండో వారం తిరిగేసరికి బస్సు బోర్డు మీద తన ఊరి పేరు తనే చదువుకుంటుంది. యాభై ఆరు అక్షరాలు అప్పజెప్పినా కలగని ధైర్యం ఆ ఒక్క మాటతో కలుగుతుంది.

రోజుకో అక్షరం, బాగా పట్టుకునే పిల్లలకైతే రెండు. కొత్త అక్షరం చూపించి ధ్వని పలికించడం, గాలిలో వేలితో రాయించడం, పలక మీద పెద్దగా రాయించడం, ఆ వెంటనే పాత అక్షరాలతో కలిపి మాట చదివించడం. అక్షరాన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఏదో ఒక మాటలో కూర్చోబెట్టడం ముఖ్యం.

'వ' తెలుగులో ఎంత అవసరమైన అక్షరమైనా దాన్ని రెండో విడతకు జరిపాను. 'ప' పక్కన పెడితే రెండూ కలగాపులగమవుతాయి. 'వ' కుదిరాక గానీ 'మ' రాకూడదు, 'మ' కుదిరాక గానీ 'య' రాకూడదు. 'డ', 'ద'లకు మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. 'ర', 'ఠ' కూడా అంతే. పోలిక ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి తేడా చూపించడం టీచర్లకు ఇష్టమైన పని. రెండూ గట్టిగా వచ్చిన పిల్లవాడికి అది మంచిదే. రెండూ సగం సగం వచ్చినవాడికి దానివల్ల ఉన్నది కూడా పోతుంది. ఇక ఖ, ఛ, ఝ, థ, ఫ లాంటివి అన్నిటికన్నా చివర. 'మేఘం', 'రథం' కథలో ఎదురైనప్పుడు నేర్పితే సరిపోతుంది.

గుణింతం అడ్డంగా

క, కా, కి, కీ, కు, కూ అని ఒక్క హల్లుతో చివరిదాకా పోవడం మనకు అలవాటు. అది మళ్లీ పాటగానే తయారవుతుంది. 'కె' ఏదని అడిగితే పిల్లవాడు క దగ్గర్నుంచి మొదలుపెడతాడు. నా సలహా దీనికి తలకిందులు. ఒక గుర్తును తీసుకుని తెలిసిన హల్లులన్నిటి మీదా పెట్టించండి. ఈ వారం దీర్ఘం, కా లా తా పా డా నా. వచ్చే వారం గుడి, కి లి తి పి డి ని. ఆ తర్వాత కొమ్ము. అలా నేర్చిన పిల్లవాడికి రేపు 'జ' కొత్తగా పరిచయమైతే 'జి', 'జు' మీరు చెప్పకుండానే వస్తాయి. 420 రూపాలు బట్టీ పట్టే పని తప్పుతుంది.

గుడి నేర్పే రోజు ఇలా నడుస్తుంది. అమ్మ పలక మీద 'పలక' అని రాసింది, పాప చదివింది.

"ఇప్పుడు ప నెత్తిన గుడి పెడుతున్నా. దీన్ని 'పి' అనాలి. అను."

"పి."

"మాట మొత్తం చదువు తల్లీ."

"పి... ల... క." ఒక్క క్షణం ఆగి, "పిలక!" అంటూ పాప నెత్తి తడుముకుంది.

"'తడ' రాశా. చివర గుడి పెట్టు. ఏమైంది?"

"తడి."

"'కాక' చివర?"

"కాకి. అమ్మా, ఇది నాకొచ్చు."

"అయితే ఇది చదువు." అమ్మ 'లిడిక' రాసింది.

"లి... డి... క. లిడిక అంటే ఏంటమ్మా?"

"ఏమీ లేదు. ఒక రాక్షసి పేరు."

ఆ చివరి మాట సరదా కోసం పెట్టింది కాదు. పిల్లలు మహా తెలివైనవాళ్లు. మొదటి అక్షరం, పక్కనున్న బొమ్మ, మీ మొహం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తారు. అర్థం లేని మాట రాస్తే ఊహకు చోటుండదు, ఉన్న అక్షరాలన్నీ చదవాల్సిందే. రోజూ అలాంటి మాటలు నాలుగైదు ఉండాలి. రాక్షసుల పేర్లు పిల్లల చేతే పెట్టించండి. వాళ్లు రాస్తారు, మీరు చదవాలి. మీరు తప్పు చదివితే వాళ్ల సంబరం చూడాలి.

గుర్తులన్నీ ఒకేలా బుద్ధిగా ఉండవు. ప, వ లకు కొమ్ము మామూలు చోట రాదు. మొ, యొ, హా రూపాలు మిగతావాటి దారిలో నడవవు. వీటిని మామూలు రూపాలు పూర్తిగా వచ్చాక, విడిగా, ఒక్కోదానికి ఒక రోజు కేటాయించి చెప్పండి. సున్నాను మాత్రం తొందరగా తెచ్చేయండి. అది లేనిదే 'వచ్చింది', 'పడింది' అనే మాటే పుట్టదు, క్రియ లేకుండా కథ కదలదు. 'పంట'లో పలికే సున్నా వేరు, 'అన్నం' చివర పలికే సున్నా వేరు అని నోటితో పలికించి చూపిస్తే చాలు.

ఇంతవరకూ వస్తే వత్తు ఒక్కటీ లేకుండా ఇలాంటి కథ రాయొచ్చు.

పడవలో తాత, మనవరాలు. కాలవ నిండా నీరు. మనవరాలు కేక వేసింది. "తాతా, చేప!"

గొప్ప సాహిత్యమేమీ కాదు. కానీ ఇందులో పిల్ల చదవలేని అక్షరం ఒక్కటీ లేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా సొంతంగా చదివి, చేప ఎంత పెద్దదని మిమ్మల్నే అడుగుతుంది. వచ్చిన అక్షరాలతోనే అల్లిన ఇలాంటి చిన్న పాఠాలు తెలుగులో కొనుక్కోవడానికి పెద్దగా దొరకవు. పాత క్యాలెండర్ల వెనక మీరే రాసుకోవాలి. మీ వీధి, మీ మేక, మీ ఇంట్లో తాత పేరు ఉంటే ఇంకా మంచిది.

వత్తు దగ్గర ఎందుకు ఆగిపోతారు

రెండో తరగతిలో బాగా చదువుతున్న పిల్లలు కూడా చతికిలపడేది ఇక్కడే. అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం.

ముందు ద్విత్వం. గుడి, గుడ్డి. కను, కన్ను. రెండింటినీ మార్చి మార్చి పలికించి, నాలుక ఎక్కడ ఒక్క క్షణం ఆగుతోందో పిల్లవాడినే చెప్పమనండి. చెవికి తేడా తెలియనివాడికి కంటికి చూపించి లాభం లేదు. తర్వాత ఆకారం. గ, చ, డ, ద లాంటి వాటి వత్తులు అసలు అక్షరాన్ని తలకట్టు తీసేసి చిన్నగా కింద రాసినట్టు ఉంటాయి, పిల్లలు తేలిగ్గా పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక కనిపించదు. మన దురదృష్టం కొద్దీ ఎక్కువ వాడేవి ఇవే. అమ్మ, నాన్న, అత్త, అయ్య, కర్ర, పిల్ల. ఈ ఆరింటినీ కొత్త అక్షరాల్లాగే పరిచయం చేయాలి, రోజుకొక్కటి. 'కింద ఉన్నది కూడా మ నే' అని చెప్పి వదిలేస్తే, పిల్లవాడి కంటికి అది ఎక్కడా మ లా కనబడదు.

ఆ తర్వాత సంయుక్తం. 'భక్తి' రాసి చదవమనండి. చాలామంది 'భకిత' అంటారు. 'మంత్రి'ని 'మంతిర' అంటారు. మనం విసుక్కుంటాం. నిజానికి పిల్లవాడు రాసినదాన్ని రాసినట్టే చదివాడు. గుడి ఉన్నది క మీద, కాబట్టి ముందు 'కి' అన్నాడు, కింద ఉన్న త ను ఆ తర్వాత కలిపాడు. గుర్తు పైనున్న హల్లు మీద కూర్చుంటుంది, పలికేది మాత్రం కిందనున్న హల్లుతో. మన లిపిలో ఇంత విచిత్రమైన ఏర్పాటు ఉందని పెద్దవాళ్లెవరూ గమనించరు, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. కాబట్టి చెప్పండి. 'భక్తి'లో ముందు గుడిని వేలితో మూసి 'భక్' దాకా చదివించండి. తర్వాత కిందనున్న తకారం చూపించి, వేలు తీసి, ఆ గుడి దీనిదే అని చెప్పి 'తి' అనిపించండి. 'భక్... తి.' అదే పద్ధతిలో శక్తి, ముక్తి, రాత్రి, మంత్రి. ఒక వారం పాటు ఇవే తిప్పి తిప్పి చదివిస్తే 'భకిత' పోతుంది.

చూచిరాత ఆపండి

ఒక పేజీ నిండా ఒకే వాక్యం పదిసార్లు రాయించడం వల్ల పిల్లల దస్తూరి కొద్దిగా బాగుపడొచ్చు. రాయడం రాదు. మొదటి వరస దాటాక పిల్లవాడు మాటను వదిలేసి గీతల్ని దించుతుంటాడు. కావాలంటే ఐదో వరసలో ఆపి, పుస్తకం మూసి, ఆ వాక్యమేమిటో అడిగి చూడండి.

దాని బదులు చెప్పిరాత పెట్టండి. పాత వాచకాల్లో ఉక్తలేఖనం అనేవాళ్లు, ఇప్పుడు డిక్టేషన్ అంటున్నారు. మీరు 'పడవ' అంటారు. పిల్లవాడు తిరిగి అంటాడు, ముక్కలకు చప్పట్లు కొడతాడు, ఒక్కో ముక్కా పైకి పలుకుతూ రాస్తాడు. రోజుకు ఐదు మాటలు, ఒక చిన్న వాక్యం. నేర్పని అక్షరం అందులో ఉండకూడదు. దిద్దేటప్పుడు ఎర్ర ఇంకుతో నోట్సంతా పులమకండి. ఈ వారం నేర్పింది దీర్ఘమైతే దీర్ఘాలే దిద్దండి. ణ-న, ళ-ల, శ-ష-స తేడాలు రెండో ఏడాది సంగతి.

ఇంకో ముఖ్యమైన మాట. వాక్యం సొంతంగా రాయమంటే పిల్ల 'వాన పడ్తాంది' అని రాయొచ్చు, 'నేను బడికి పోతున్న' అని రాయొచ్చు. తన నోట్లో ఉన్న మాటను తన చేత్తో పెట్టగలిగింది, మీరు నేర్పింది పనిచేసింది. అది తప్పుల లెక్కలోకి రాదు. 'పుస్తకంలో ఇలా రాస్తారు' అని పక్కన రెండో రూపం రాసి చూపించండి. ఇంటి మాటను కొట్టేసిన చోట పిల్లలు రాయడం మానేస్తారు, అడిగినదానికి మాత్రం పొడిపొడిగా జవాబు రాస్తారు.

వేగం, అర్థం

మూడో తరగతి పిల్లవాడు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలని నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. అన్ని భాషలకూ ఒకే అంకె పెట్టడం మీద నాకు కొంచెం అభ్యంతరముంది. 'తీసుకొచ్చేశాడు' అన్నది మనకు ఒక మాట, ఇంగ్లీషువాళ్లకు మూడు నాలుగు. అందుకని స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోకండి. అయితే ధారాళంగా చదవడం అవసరం లేదని దీనర్థం కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కునే పిల్లవాడు వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోతాడు. దానికి మందు ఒకటే, అదే పేరా మళ్లీ మళ్లీ చదవడం. మీరు ఒకసారి చదివి వినిపించండి, ఇద్దరూ కలిసి ఒకసారి, తనొక్కడే ఒకసారి. మూడోసారికి గొంతులో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది.

గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చదువును ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాల్ని మాటలుగా మార్చే శక్తిని, విన్న మాటను అర్థం చేసుకునే శక్తితో గుణించాలి. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నా. మన ఊళ్లల్లో పిల్లలకు తెలుగు బోలెడు వచ్చు, అక్షరం రాదు. అమెరికాలో తెలుగు నేర్పే మనబడికి వెళ్లే పిల్లల్లో కొందరికి దీనికి సరిగ్గా ఎదురు. గుక్క తిప్పుకోకుండా చదువుతారు, చదివిన వాక్యంలో సగం మాటలకు అర్థం తెలియదు. వాళ్లకు ఇంకో అభ్యాస పుస్తకం కొనకండి. ఇంట్లో తెలుగు మాట్లాడండి.

ఇక్కడి పిల్లలకైనా రోజూ ఒక కథ చదివి వినిపించాలి. వాళ్లు సొంతంగా చదవగలిగే స్థాయి కన్నా పైనున్న కథ. కొత్త మాటలు అక్కణ్నుంచే వస్తాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు చవగ్గా ఇస్తున్నాయి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఫోన్లోనే ఉచితంగా చదువుకోవచ్చు. కథ అయ్యాక ఏం జరిగిందో, ఎందుకలా చేశాడో, నువ్వైతే ఏం చేసేవాడివో అడగండి. 'ఇందులో నీతి ఏమిటి?' అన్న ప్రశ్నను మాత్రం ఇంట్లోంచీ బడిలోంచీ వెళ్లగొట్టాలని నా అభిప్రాయం. పిల్లలు కథ వినడం మానేసి నీతి కోసం వెతుక్కోవడం దానివల్లే మొదలవుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు చిన్న జవాబు. రెండు లిపులూ ఒకేసారి మొదలుపెట్టే బదులు వీలైతే తెలుగులో గుణింతం దాకా వచ్చి, అప్పుడు ఇంగ్లీషు అందుకోండి. అక్షరానికీ ధ్వనికీ ముడి ఉంటుందన్న గ్రహింపు ఒక భాషలో కుదిరితే రెండోదానికి పనికొస్తుంది. ఇంగ్లీషులో కూడా 'సీ ఏ టీ క్యాట్' అని అక్షరాల పేర్లు వల్లె వేయించకుండా వాటి ధ్వనులు నేర్పండి.

ఎంతకీ ముందుకు పోని పిల్లలు

రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు, కొన్ని నెలల పాటు ఇదే వరసలో నేర్పినా నిన్నటి అక్షరం ఈరోజు గుర్తుండని పిల్లలు ఉంటారు. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగానే ఉంటే డిస్లెక్సియా అయ్యే అవకాశం ఉంది. తెలివికీ దానికీ సంబంధం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది కాబట్టి నిపుణులకు చూపించి ధ్రువపత్రం తీసుకుంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. ఈ పిల్లలకు వేరే దారేమీ లేదు. ఇదే వరస, ఇంకా నెమ్మదిగా, ఇంకా ఎక్కువసార్లు, ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని. ఆర్టన్, గిల్లింగ్‌హామ్ ఈ పద్ధతి తయారుచేసిందే వీళ్ల కోసం.

వయసు దాటిపోయిందనుకునేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఏడో తరగతిలో ఉండి వత్తులు చదవలేని పిల్లవాడికి ఏడో తరగతి పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. వాడు ఎక్కడ ఆగిపోయాడో కనుక్కోవాలి. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అనే నాలుగు మెట్లతో అసర్ వాళ్లు చేసే పరీక్ష మీరూ చేయొచ్చు, పది నిమిషాల పని. ఆగింది గుణింతంలోనైతే గుణింతం నుంచే ఎత్తుకోవాలి. అయితే అందరి ముందూ వద్దు, ఒకటో తరగతి పుస్తకం చేతికిచ్చి అసలే వద్దు. క్రికెట్ వార్తలో, సినిమా పోస్టరులో వచ్చే మాటలతో నేర్పండి. పెద్ద పిల్లలకు ధ్వనుల పట్టు ముందే ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ల కన్నా తొందరగా అందుకుంటారు. టీచర్లకు నా విన్నపం ఒక్కటే. సిలబస్ పూర్తిచేయాలన్న తొందరలో ఈ పిల్లల్ని వెనక బెంచీకి పంపకండి. చదవలేని పిల్లవాడికి సైన్సు పుస్తకమైనా, సోషల్ పుస్తకమైనా ఒకటే, ఏదీ తెరుచుకోదు.